హైట్ 6 అడుగుల 3 అంగుళాలు, ఓపెన్ టాప్ కారు కొందామని... బోల్తా పడితే నా తల సంగతేంటి?

తాటిచెట్టు (బెల్లందూరు, బెంగళూరు)

నేను 6 అడుగుల 3 అంగుళాలు ఉంటా. సెకండ్ హ్యాండ్‌లో టూ సీటర్ కన్వర్టిబుల్ ఒకటి తీసుకుందామని చూస్తున్నా, చేతికి అందేవి పాత బీఎండబ్ల్యూ జెడ్4 (2009లో వచ్చిన, మెటల్ రూఫ్ మడతపడే మోడల్), మెర్సిడెస్ ఎస్ఎల్‌కే, ఇంకాస్త సాగదీస్తే పోర్షే బాక్స్‌టర్. రోజూ ఆఫీసుకి కాదులెండి, సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో టాప్ తీసుకుని కూర్చుంటే పొగ పీల్చుకోవడం తప్ప ఏముంది, ఆదివారం తెల్లారకముందే నంది హిల్స్ వైపో కోలారు రోడ్డు మీదో వెళ్ళి టిఫిన్ చేసి రావడానికి, అప్పుడప్పుడు ఒంగోలు వెళ్ళడానికి.

మొన్న ఒక జెడ్4 చూడ్డానికి మా ఆవిడతో కలిసి వెళ్ళా. టాప్ మూసి కూర్చుంటే జుట్టు రూఫ్‌కి రాసుకుంటోంది గానీ పట్టేసా. టాప్ తీసాక మా ఆవిడ పక్కనుంచి చూసి "ముందు అద్దం ఫ్రేమ్ కంటే నీ తలే ఎత్తుగా ఉంది, ఇది తిరగబడితే ముందు నేలకి తగిలేది కారు కాదు నువ్వే" అనేసింది. అమ్మే అతనేమో సీట్ల వెనకాల ఉన్న హూప్స్ (వంచిన కడ్డీలు) తట్టి చూపించి స్టీల్ సార్, జర్మన్ కారు సార్ అంటాడు. చూస్తే ఆ హూప్ పైభాగం నా చెవి పై అంచు దాకానే వస్తోంది. ఇంక అప్పట్నుంచీ బుర్రలో అదే తిరుగుతోంది.

పొడుగ్గా ఉన్నవాళ్ళకి ఈ హూప్స్ అసలు పనికొస్తాయా లేక అలంకారమేనా, ఎత్తు ఎక్కువున్న రోల్ బార్ విడిగా వేయించుకోవచ్చా, లేదంటే ఈ రకం కారే మనకి రాసిపెట్టి లేదని వదిలేయాలా? మా నాన్న అయితే "థార్ కొనుక్కోరా, దానికీ టాప్ తీసేది ఉంది, లోపల కేజ్ కూడా ఉంది" అని ఒకటే పోరు.

ఓఆర్ఆర్ రాంబాబు (మారతహళ్ళి)

బ్రో నువ్వు మరీ ఎక్కువ ఆలోచిస్తున్నావ్. ఇవి నేలకి అతుక్కుని పోయే కార్లు, పల్టీ కొట్టడం అంత ఈజీ కాదు. దీనికో లెక్క కూడా ఉంది, స్టాటిక్ స్టెబిలిటీ ఫ్యాక్టర్ అంటారు, రెండు చక్రాల మధ్య వెడల్పులో సగాన్ని కారు సెంటర్ ఆఫ్ గ్రావిటీ ఎత్తుతో భాగించడమే. మామూలు కార్లకి 1.3 నుంచి 1.5 మధ్య వస్తుంది, ఎత్తు ఎస్‌యూవీలకి 1.0 నుంచి 1.3. ఈ అంకె ఎంత ఎక్కువుంటే బోల్తా పడడం అంత కష్టం. రోడ్‌స్టర్, అంటే ఇలాంటి టూ సీటర్ ఓపెన్ కారు, 1.5 వైపు పైకొసన ఉంటుంది. అంటే మీ నాన్నగారు చెప్పిన బండికి కేజ్ ఉన్నమాట నిజమే గానీ, అది అవసరం పడే అవకాశం కూడా దానికే ఎక్కువ.

అమెరికాలో ఐఐహెచ్ఎస్ (ఇన్సూరెన్స్ కంపెనీల రోడ్డు భద్రతా సంస్థ) వాళ్ళు 2020లో కన్వర్టిబుల్స్‌నీ అదే మోడల్స్‌లో రూఫ్ ఉన్నవాటినీ పక్కపక్కన పెట్టి చూసారు, తిరిగిన మైళ్ళ లెక్కన కన్వర్టిబుల్ డ్రైవర్ల మరణాలు 11 శాతం తక్కువే వచ్చాయి, యాక్సిడెంట్లు 6 శాతం తక్కువ. కాబట్టి కొనేసెయ్. పొట్టోళ్ళే ఎంజాయ్ చెయ్యాలని రూల్ లేదు కదా.

స్క్రూడ్రైవర్ సుబ్బు (శ్రీపెరంబుదూరు, చెన్నై)

రాంబాబు గారూ ఆ స్టడీ నేనూ చదివా, తప్పు చెప్పలేదు మీరు, కానీ సగమే చెప్పారు. ఆ తేడా గణాంకాల లెక్కలో గట్టిగా నిలబడేంత పెద్దది కాదని వాళ్ళే అన్నారు, పైగా చనిపోయిన డ్రైవర్లలో కారులోంచి బయటకి విసిరేయబడ్డవాళ్ళు కన్వర్టిబుల్స్‌లో 21 శాతం, మామూలువాటిలో 17. అన్నిటికంటే ముఖ్యం, అది సగటు మనిషి లెక్క. ఆరడుగుల మూడంగుళాల మనిషికి విడిగా లెక్క తీయలేదు ఎవరూ.

నేను ఇక్కడ సీట్ బెల్టుల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో పని చేస్తా, ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌లో ట్రాక్ డేలకి కూడా వెళ్తుంటా, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిక ఉంటే చదవండి.

ముందు "పల్టీ కొట్టడం ఈజీ కాదు" అన్నదాని సంగతి. చదునైన తారురోడ్డు మీద స్టీరింగ్ ఎంత తిప్పినా రోడ్‌స్టర్ జారుతుంది గానీ బోల్తా పడదు, అది నిజం. అయితే నిజంగా జరిగే బోల్తాలు అలా జరగవు. అమెరికా ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ లెక్క ప్రకారం ఇంకో బండి ప్రమేయం లేకుండా బోల్తా పడిన వాటిలో 95 శాతం ఏదో ఒకదానికి తట్టుకుని పడ్డవే. పక్కకి జారుతూ పోయి చక్రం డివైడర్ రాయికి తగలడం, మెత్తటి మట్టిలో దిగబడడం, క్రాష్ బ్యారియర్ కొస ఎక్కేయడం. మన దగ్గర వీటికి కరువా? రంగు వెలిసిపోయిన డివైడర్ రాళ్ళు రాత్రిపూట లైటు లేకుండా ఎన్ని చోట్ల ఉన్నాయో బెంగళూరు వాళ్ళకి నేను చెప్పాలా. అలా తట్టుకున్నప్పుడు సెంటర్ ఆఫ్ గ్రావిటీ తక్కువ ఉండడం కొంత కాపాడుతుంది, పూర్తిగా కాదు.

ఇప్పుడు అసలు పాయింట్. హూప్ ఉందా లేదా అన్నది కాదు ప్రశ్న. కారు తలకిందులుగా చదునైన నేల మీద వాలిందనుకోండి, అప్పుడది రెండే చోట్ల నిలబడుతుంది, ముందు విండ్‌షీల్డ్ ఫ్రేమ్ పైకమ్మీ, వెనక హూప్స్. ఆ రెంటినీ కలుపుతూ ఒక గీత గీస్తే నేల ఆ గీత మీద ఉంటుంది. కారు మామూలుగా నిలబడి ఉన్నప్పుడు మీ తల గీతకి కింద ఉంటే బతుకుతారు, పైన ఉంటే కారు బరువు మెడ మీద పడుతుంది. రేసింగ్‌లో ఆ గీత చోట ఒక కర్ర ఆనించి చూస్తారు, దీన్ని చీపురు కర్ర పరీక్ష అంటారు, హెల్మెట్ పెట్టుకుని కూర్చున్నాక కర్రకీ హెల్మెట్‌కీ మధ్య కనీసం రెండంగుళాలు ఖాళీ ఉండాలని చాలాచోట్ల అడుగుతారు.

పొడుగు మనిషికి ఇక్కడ రెండు దెబ్బలు. ఒకటి మామూలే, తల ఎత్తుగా ఉంటుంది. రెండోది ఎవరూ పట్టించుకోరు: కాళ్ళు పట్టాలి కాబట్టి సీటు పూర్తిగా వెనక్కి జరుపుతాం, అప్పుడు తల సరిగ్గా హూప్ ముందుకి వచ్చేస్తుంది. అంటే ఆ గీతలో మీకు పనికొచ్చేది ముందు కమ్మీ ఎత్తు కంటే వెనక హూప్ ఎత్తే. ఆ హూప్ చూస్తే హెడ్‌రెస్ట్ ఎత్తుకి అటూ ఇటూగా ఉంటుంది, అంతకంటే పెంచితే టాప్ మడిచి దాచడానికి కుదరదు కాబట్టి కంపెనీవాళ్ళు పెంచలేరు.

ఇంకో సంగతి, తలకిందులుగా ఉన్నప్పుడు మీరు ఇప్పుడు కూర్చున్న చోటే ఉండరు. బెల్టు ఎంత బిగించినా శరీరం సీటు వదిలి కొన్ని అంగుళాలు పైకి, అంటే నేలవైపుకి, జారుతుంది. బెల్టులో వదులు ఉంటే ఇంకా ఎక్కువ. రోల్ సెన్సర్ ఉన్న కార్లలో ప్రీటెన్షనర్ పేలి బెల్టు లాగి పట్టుకుంటుంది, కొంత నయం. అందుకే నా మటుకు నేను రోడ్డు మీద వాడే కారుకి "గీతకి తగలట్లేదు" అంటే చాలదంటాను, హెల్మెట్ లేని ఉత్త తలకి కూడా రెండుమూడంగుళాల ఖాళీ కనబడాలి.

రూల్స్ కాపాడతాయేమో అని చూడకండి. అమెరికాలో రూఫ్ గట్టిదనానికి ఎఫ్ఎంవీఎస్ఎస్ 216 అని ఒక ప్రమాణం ఉంది, 2009లో దాన్ని కారు బరువుకి మూడురెట్లు మోయాలని గట్టిచేసారు, కన్వర్టిబుల్స్‌కి మాత్రం అందులోంచి మినహాయింపు. కార్లకి సేఫ్టీ స్టార్లు ఇచ్చే మన భారత్ ఎన్‌క్యాప్‌లో ఎదురుగా గుద్దడం, పక్కనుంచి గుద్దడం, స్తంభానికి గుద్దడం ఉన్నాయి, బోల్తా పరీక్ష లేదు. అంటే స్టార్లు చూసి దీన్ని తేల్చుకోలేం, ఎవరి తల వాళ్ళే కొలుచుకోవాలి.

గేర్‌బాక్స్ గిరి (జేసీ రోడ్ ఏరియా, బెంగళూరు)

ఇంత థియరీ ఎందుకు బాస్. మన జేసీ రోడ్ పక్క సందుల్లో ఎవరినైనా పట్టుకుంటే రెండంగుళాల పైపు వంచి, కావలసినంత ఎత్తు రోల్ బార్ చేసి పెడతారు, పౌడర్ కోటింగ్‌తో సహా. జీపులకి ఎన్ని వేయట్లేదు. హూప్ ఎత్తు చాలకపోతే ఎత్తు పెంచడమే కదా.

స్క్రూడ్రైవర్ సుబ్బు

గిరి బ్రదర్, కోపం తెచ్చుకోకు గానీ ఇది వద్దు. జీపుకి కింద చాసిస్ ఉంటుంది, పైపు దానికి పట్టుకుంటుంది. జెడ్4కి పలచటి రేకు ఫ్లోరే. మోటార్ రేసింగ్ సంస్థ ఎఫ్ఐఏ రూల్స్‌లో అపెండిక్స్ జే, ఆర్టికల్ 253 చూడు, మెయిన్ హూప్‌కి కోల్డ్ డ్రాన్ సీమ్‌లెస్ పైపు ఉండాలి, 45 మిమీ వ్యాసానికి 2.5 మిమీ మందం లేదా 50కి 2 మిమీ. కాలు దిగే ప్రతిచోటా కనీసం 3 మిమీ మందం, 120 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం ఉన్న రీఇన్‌ఫోర్స్‌మెంట్ ప్లేటు బాడీకి వెల్డ్ చేసి, దాని మీద మూడు బోల్టులు తక్కువకాకుండా, ఎం8 సైజు 8.8 గ్రేడ్. పైగా వెనక్కి వాలే సపోర్టు కాళ్ళు రెండు. ఇవన్నీ పెడితే నీ మడతపడే రూఫ్ ఎక్కడ కూర్చుంటుంది? ఇవి లేకుండా గేటు పైపుతో కట్టేది ఫోటోలకి బావుంటుంది, బరువు పడగానే కాళ్ళు ఫ్లోర్లోకి గుచ్చుకుని పోతాయి. అది ఉందన్న ధైర్యంతో మనిషి ఇంకాస్త తొక్కుతాడు, అదొకటి.

అంతకంటే భయం నాకు ఇంకొకటుంది. బోల్తా అరుదు, వెనకనుంచి ఎవడో వచ్చి గుద్దడం మన ఊళ్ళో నిత్యకృత్యం. హెల్మెట్ లేని తల వెనక నాలుగంగుళాల దూరంలో ఇనప పైపు ఉంటే, మామూలుగా హెడ్‌రెస్ట్‌తో పోయేది పుర్రె పగిలేదాకా వెళ్తుంది. పొడుగు మనిషి తల హెడ్‌రెస్ట్ కంటే పైకే ఉంటుంది కాబట్టి నేరుగా పైపుకే కొట్టుకుంటుంది. వేస్తే దాని మీద రేసింగ్ సేఫ్టీ సామాన్లకి ఇచ్చే ఎస్ఎఫ్ఐ 45.1 రేటింగ్ ఉన్న గట్టి ప్యాడింగ్ ఉండాలి, ఏసీ పైపులకి చుట్టే నల్ల ఫోమ్ కాదు. అది నొక్కితే నొక్కుకుపోతుంది, దేన్నీ ఆపదు.

ఇక చట్టం సంగతి. మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండి మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. ఆర్టీఓ అనుమతి రాతలో లేకుండా బాడీకి వెల్డింగ్ చేయించి రేపు ఏదైనా అయితే ఇన్సూరెన్స్ వాళ్ళు అడిగే మొదటి ప్రశ్నే అది.

గేర్‌బాక్స్ గిరి

సరే గురూ, వెల్డింగ్ మాట వెనక్కి తీసుకుంటున్నా 😀 కానీ నాలుగు పాయింట్ల హార్నెస్ (రెండు భుజాల మీదుగా వచ్చే రేసింగ్ బెల్టు) వేసుకుంటే మనిషి పైకి లేవడు కదా? అది బోల్ట్ ఆన్ ఏ.

స్క్రూడ్రైవర్ సుబ్బు

మనిషి లేవడు, పక్కకీ వాలడు, అదే చిక్కు. మూడు పాయింట్ల బెల్టులో కనీసం పైశరీరం కాస్త పక్కకి వంగే వీలుంటుంది. హార్నెస్ నిటారుగా కట్టి పడేస్తుంది, తల గీతకి పైన ఉన్నవాణ్ణి అలాగే నిటారుగా కట్టేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ముందు తలకి చాలినంత ఎత్తు బార్, ఆ తర్వాతే హార్నెస్. ట్రాక్ మీద కూడా ఇదే మాట.

లలిత_అడయార్ (చెన్నై)

సుబ్బు గారు చెప్పినవి బావున్నాయి, నాకు తెలిసిన ఇంకో రకం గురించి కలుపుతా. నాది మినీ కన్వర్టిబుల్, పాతది, వెనక సీట్ల వెనకాల రోల్ బార్ దాక్కుని ఉంటుంది, బోల్తా పడబోతోందని సెన్సర్ పసిగడితే పైకి లేస్తుంది. ఈ ఆలోచన మొదట మెర్సిడెస్ ఎస్ఎల్ ఆర్129లో 1989లో వచ్చింది, 0.3 సెకన్లలో లేచి నిలబడేది. ఇలాంటివాటికి ఒక లాభం ఉంది, మామూలప్పుడు కనిపించదు కాబట్టి లేచినప్పుడు ఫిక్స్‌డ్ హూప్ కంటే ఎత్తుగా పెట్టే వీలు డిజైనర్‌కి ఉంటుంది. తాటిచెట్టు గారి లాంటివాళ్ళకి అది పనికొస్తుందేమో.

కానీ సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు ఈ రకంలో జాగ్రత్త. లేచి ఉన్న ఎత్తెంతో షోరూంలో చూడలేం కాబట్టి కర్ర పెట్టి కొలవడం కుదరదు, మాన్యువల్‌లో చూసుకోవాలి. చాలావాటిలో బార్ స్ప్రింగ్ మీద బిగించి లాచ్‌తో ఆపి ఉంటుంది, కంట్రోల్ యూనిట్ సిగ్నల్ ఇస్తే లాచ్ వదిలేస్తుంది. పన్నెండు పదమూడేళ్ళ బండిలో ఆ సిస్టమ్ బతికుందో లేదో స్కానర్ పెడితే గానీ తెలీదు. నా బండి కొన్నప్పుడు డ్యాష్‌బోర్డ్‌లో వార్నింగ్ లైటే వెలగట్లేదు, భలే అనుకున్నాం, తాళం ఆన్ చేసినప్పుడు మిగతా లైట్లన్నీ ఒకసారి వెలిగి ఆరుతుంటే అదొక్కటి అసలు వెలగకపోవడం మా మెకానిక్ మురుగన్ అన్న పట్టుకున్నాడు. విప్పి చూస్తే ఎవరో ఆ బల్బు దగ్గర నల్ల టేపు అంటించారు. వెనక ఫాల్ట్ కోడ్ నిక్షేపంగా ఉంది. ఆ అమ్మినాయన ఇప్పుడు ఫోన్ ఎత్తడు.

నా ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు కాబట్టి గీతా గీతాలూ నాకు సమస్య కాదు, మా తమ్ముడు నడిపితే మాత్రం టాప్ గుడ్డ మీద లోపల్నుంచి గుమ్మడికాయ పెట్టినట్టు ఉబ్బుతుంది.

స్క్రూడ్రైవర్ సుబ్బు

లలిత గారూ 😂 మీ తమ్ముడి సంగతి నిజంగానే మంచి పరీక్ష. గుడ్డ టాప్ మూసినప్పుడు ఇంచుమించు ఆ గీతకి కాస్త పైనుంచి పోతుంది. తల గుడ్డకి తగులుతోందంటే గీతకి అప్పటికే పైన ఉన్నట్టే. జెడ్4లో మీ జుట్టు రూఫ్‌కి రాసుకుంటోందన్నారు కదా తాటిచెట్టు గారూ, అది చదవగానే నాకు అనుమానం వచ్చింది. మెటల్ రూఫ్ మూసి ఉంటే బోల్తాలో పర్లేదనుకోకండి, అది లాచ్‌ల మీద నిలబడే మూత, ఫిక్స్‌డ్ రూఫ్ లాగా స్తంభాలతో కలిపి కట్టింది కాదు.

ఒకసారి నిజంగా కొలిచి చెప్పండి.

తాటిచెట్టు

కొలిచా అండీ. కారు మళ్ళీ చూస్తామని చెప్పి మా బావమరిదిని, ఇంట్లో బూజు కర్రని తీసుకెళ్ళాం. ఆ కర్ర తల ఊడదీసి, బావమరిది వెనక హూప్ మీద ఒక కొస ఆనించి పట్టుకున్నాడు, మా ఆవిడ ముందు అద్దం కమ్మీ మీద రెండో కొస పట్టుకుంది, పెయింట్ గీతలు పడకుండా కింద టవల్ వేసాం. సెక్యూరిటీ అతను వచ్చి ఏం సార్ కారుకి దిష్టి తీస్తున్నారా అని కన్నడలో అడిగాడు.

ఫలితం ఏంటంటే, సీటు నేను మామూలుగా పెట్టుకునే ఎత్తులో ఉంటే నడినెత్తి కర్ర కంటే మూడువేళ్ళు పైకి ఉంది. కర్ర నేరుగా పట్టుకోడానికే కుదర్లేదు, నా తల అడ్డం. సీటు పూర్తిగా కిందకి దించి, వీపు ఒకట్రెండు మెట్లు వెనక్కి వాల్చితే ఒక వేలు సందు వచ్చింది. అప్పుడు స్టీరింగ్ అందుకోవడానికి భుజం సీటు వదిలి ముందుకొస్తోంది. రాంబాబు బ్రో, నీ మాట విని డబ్బు కట్టుంటే మా ఆవిడ రోజూ ఆ కర్ర చూపించేది.

సుబ్బు గారూ, వాల్చి కూర్చోవడం అలవాటు చేసుకుంటే సరిపోతుందా? సీటు తీసేసి కింద రైల్స్ మీద పలచటి బకెట్ సీటు పెట్టించుకుంటే?

ఓఆర్ఆర్ రాంబాబు

నేను మైళ్ళ లెక్క చెప్పా బ్రో, నీ తల లెక్క కాదు 😅 అయినా ఈ కార్లలో ఈఎస్‌సీ (కారు జారకుండా తనే బ్రేకులు వేసే ఎలక్ట్రానిక్ సిస్టమ్) ఉంటుంది, అది బతికున్నంతవరకు పక్కకి జారడమే తగ్గుతుంది, జారకపోతే తట్టుకోవడం ఎక్కడిది. దాన్ని మాత్రం ఆఫ్ చేసి నడపకు. టైర్లు కూడా చూడు, ఇలాంటి కార్లు ఏళ్ళ తరబడి కవర్ కింద ఉంటాయి, ట్రెడ్ కొత్తగా కనిపిస్తుంది, రబ్బరు రాయైపోయి ఉంటుంది. టైర్ పక్కన చివరి నాలుగు అంకెలు చూస్తే ఏ వారం ఏ ఏడాది తయారైందో తెలుస్తుంది, 2316 అంటే 2016లో 23వ వారం.

కనకపుర కిశోర్ (6 అడుగుల 2, పాత ఎస్ఎల్‌కే)

అన్నా నేను చెప్తా, ఈ బాధ పడ్డవాణ్ణి. ముందు నీ ఎత్తులో ఎంత కాళ్ళు ఎంత నడుం పైన అనేది చూసుకో. నేల మీద గోడకి ఆనుకుని కూర్చుని నడినెత్తి దగ్గర గోడ మీద పెన్సిల్ గీత పెట్టి కొలువు. మా ఆఫీసులో నా ఎత్తే ఉన్న ఇంకో అతను నా కారులో కూర్చుంటే తల నాకంటే చాలా కిందకే ఉంటుంది, వాడివన్నీ కాళ్ళే. ఆరడుగుల మూడు అన్న అంకె ఒక్కటీ చూసి ఏ కారూ సరిపోతుందనీ చెప్పలేం, సరిపోదనీ చెప్పలేం.

నేను చేసింది సీటు ఫోమ్ తగ్గించడం. సీటు కవర్ జాగ్రత్తగా విప్పించి, కింద ఉన్న ఫోమ్‌లో పిర్రలు ఆనే చోట కత్తిరించి, దాని మీద పలచగా గట్టి ఫోమ్ పొర వేయించా. జయనగర్‌లో సోఫాలూ కారు సీట్లూ కుట్టే ఒక పెద్దాయన చేసాడు, ముందు నన్ను కూర్చోబెట్టి చాక్‌పీసుతో గుర్తులు పెట్టుకుని మరీ కోసాడు. అంగుళం పైన కలిసొచ్చింది. తొడల కింద ఫోమ్ ముట్టుకోనివ్వలేదు, అది తీస్తే ప్రమాదంలో నడుం బెల్టు కిందనుంచి జారిపోయే చాన్స్ ఉంటుందని ఆయనకి ఎవరో చెప్పారట. డ్రైవర్ సీటు కింద ఉన్న వైర్లు మాత్రం ఆయన్ని ముట్టుకోనివ్వకుండా ముందే బ్యాటరీ తీయించా, పసుపు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌వి.

ఇంకోటి, ఎలక్ట్రిక్ సీటు కింద మోటార్లు ఉంటాయి కాబట్టి చాలా మోడల్స్‌లో మామూలు లివర్ సీటు ఇంకాస్త కిందకి దిగుతుంది. అందరూ ఎలక్ట్రిక్‌కి ఎక్కువ డబ్బిస్తారు, మనలాంటోళ్ళకి అది నష్టం.

స్క్రూడ్రైవర్ సుబ్బు

కిశోర్ గారి పద్ధతే నేను చెప్పబోయేది. బార్‌ని పైకి పెంచడం కంటే తలని కిందకి దించడమే సేఫ్, చట్టం గొడవా తక్కువ.

తాటిచెట్టు గారూ, వాల్చి కూర్చోవడం మీద ఆధారపడొద్దు. వాల్చిన కొద్దీ భుజం బెల్టు ఛాతీకి దూరం అవుతుంది, ఎదురు గుద్దులో శరీరం బెల్టు కిందనుంచి జారుతుంది. ఎదురు గుద్దులు బోల్తాల కంటే చాలా మామూలు. అరుదైన ప్రమాదం కోసం రోజూ ఎదురయ్యే దాన్ని పెంచుకోవడం ఎందుకు. పైగా మీరే అన్నారు భుజం సీటు వదిలేస్తోందని, అక్కడితో ఆ దారి మూసుకున్నట్టే.

బకెట్ సీటు పెడితే పాత సీటులోనే ఉండే సైడ్ ఎయిర్‌బ్యాగ్, సీటుకి బిగించిన బెల్టు బకిల్ ప్రీటెన్షనర్ పోయే కార్లు చాలా ఉన్నాయి. అవి తీసి రెసిస్టర్ పెట్టి ఎయిర్‌బ్యాగ్ వార్నింగ్ లైటు ఆర్పేసేవాళ్ళు ఉంటారు, లలిత గారి బల్బు టేపు కథకి అది పెద్దన్నయ్య. ట్రాక్‌కి మాత్రమే వాడే కారైతే ఆలోచించొచ్చు, ఒంగోలు వెళ్ళే కారుకి వద్దు.

మీకు జెడ్4లో ఒక వేలు సందు వాల్చితే వచ్చింది. ఫోమ్‌తో ఒక అంగుళం వచ్చినా, నిటారుగా కూర్చుంటే మీరు గీతకి అటూ ఇటూగా ఉంటారు. బోల్తాలో శరీరం లేచే ఆ కొన్ని అంగుళాలు కలిపితే చాలదు. నేనైతే ఆ కారు వదిలేస్తా. ముందు కమ్మీ కూడా కొంచెం వంగుతుందన్న లెక్క ఇంకా వేసుకోలేదు, కారు ముక్కు బరువంతా దాని మీదే కదా.

బాక్స్‌టర్ కొలవండి. ఇంజన్ మధ్యలో ఉంటుంది కాబట్టి కాళ్ళకి చోటు బానే ఉంటుంది, హూప్స్ ఫిక్స్‌డ్, కర్ర పెట్టి అక్కడికక్కడే తేల్చుకోవచ్చు. అన్ని మోడల్స్‌లోనూ సీటు ఒకేలా దిగదు, అందుకే ఎవరి మాటా వినకుండా ఆ ఒక్క కారులో మీరు కూర్చుని కొలవడమే. టాప్ తీసి, షూస్‌తో, బెల్టు పెట్టుకుని, వీపు సీటుకి పూర్తిగా ఆనించి, నిజంగా నడిపేటప్పుడు కూర్చునేలాగా. ఫోటో కోసం తల కిందకి లాక్కోకండి.

తాటిచెట్టు

జెడ్4 వద్దని చెప్పేసా. అతను ఇంకో యాభైవేలు తగ్గిస్తానంటున్నాడు, దాంతో నా మెడ తగ్గదు కదా. శనివారం ఒక బాక్స్‌టర్ ఉంది చూడ్డానికి, లివర్ సీటుదే అడిగి పెట్టుకున్నా. ఒకటే అనుమానం, దానికి పీవై నంబర్ ఉంది, పర్లేదా?

ఓఆర్ఆర్ రాంబాబు

పాండిచ్చేరి నంబర్ అయితే బేరంలోనే దాన్ని లెక్కేసుకో. కర్ణాటకలో ఏడాది దాటి తిప్పాలంటే ఇక్కడికి మార్చుకోవాలి, లైఫ్ ట్యాక్స్ కట్టాలి, ఈ రేంజ్ కార్లకి అది చిన్న మొత్తం కాదు. ఎన్ఓసీ ఎవరు తెప్పిస్తారో ముందే కాగితం మీద రాయించుకో. అడ్వాన్స్ మాత్రం కర్ర పెట్టి కొలిచాకే ఇవ్వు.